బల్లమీది దండయాత్ర

ఏడవ శతాబ్దంలో బాణభట్టు హర్షచరితం రచిస్తూ, తన ప్రభువు రాజ్యంలో నెలకొన్న శాంతిని వర్ణించే సందర్భంలో ఒక చమత్కారం చేసినాడు. ఆ రాజ్యంలో చతురంగాల మోహరింపు చూడవలెనంటే అష్టాపదం మీదనే చూడవలెనట. అష్టాపదమంటే వరుసకు ఎనిమిది గళ్ళు గల పలక. రథ గజ తురగ పదాతులు రణరంగం విడిచి పలకమీదికి ఎక్కినవనీ, జనం సుఖంగా ఉన్నారనీ కవి భావం. చదరంగాన్ని గురించి మనకు లభించిన తొలి ప్రస్తావనలలో దీనిని ఒకటిగా పండితులు లెక్కిస్తారు. యుద్ధాన్ని చిన్నదిగా చేసి, ఇంటిలో బల్లమీద పెట్టుకొని ఆడడమనే కళకు మూలాన్ని వెదకితే మనం తిరిగి తిరిగి ఈ దేశానికే వచ్చి చేరుతాము.

ఈనాటి ప్రసంగ విషయం ఆ కళే. పాశ్చాత్య దేశాలలో అది నేడు పెద్ద వ్యాసంగమైనది. అంగుళం ఎత్తైన సైనికుల బొమ్మలను సేకరించి, వాటికి సన్నని కుంచెతో రంగులు వేసి, బల్లమీద కొండలు, నదులు, కోటలు అమర్చి, ఒకానొక చారిత్రక యుద్ధాన్ని మళ్ళీ నడిపించి చూస్తారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల గృహస్థులకు ఇది పరాయి వేడుకగా తోచవచ్చును. ఇంతకన్నా తగిన తావు దీనికి మరొకటి లేదని మా అభిప్రాయం. అయితే ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలసి ఉన్నది. యుద్ధమంటే చావు, చావును ఆటవస్తువుగా పిల్లల చేతికి ఇవ్వవచ్చునా? ఈ ప్రశ్నను దాటవేసి ముందుకు పోవడం న్యాయం కాదు. చరిత్ర ఏమి చెపుతున్నదో విని, చివరకు దానికే వద్దాము.

చదరంగంలోని బలగం మనకు తెలిసినదే. రాజు, మంత్రి, ఏనుగులు, గుర్రాలు, శకటాలు, ముందువరుసను బంట్లు. సైన్యంలోని నాలుగు అంగాలూ ఇందులో ఉన్నవి. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు సంకలనం చేసిన మానసోల్లాసంలో రాజులకు తగిన వినోదాలలో చతురంగ క్రీడకు కూడా చోటు దొరికినది. ఆ చాళుక్యుల ఏలుబడి అలంపురం సీమ మీదుగా మన ప్రాంతమంతటా సాగినదే. కాబట్టి కృష్ణా తుంగభద్రల నడుమ ఈ ఆట మాట వినపడి కనీసం తొమ్మిది వందల ఏండ్లు అయిందనుకోవడంలో తప్పులేదు.

కాని చదరంగంలో లేనివి కొన్ని ఉన్నవి. అందులో నది లేదు, బురద లేదు, ఆకలి లేదు. రెండు పక్షాలకూ బలం సమానం. బంటు భయపడి వెనుకకు పారిపోడు. ఎదుటివాని ఎత్తు మన కళ్ళముందే ఉంటుంది. నిజమైన యుద్ధంలో ఇవన్నీ తారుమారవుతవి. బలాలు సమానం కాని పోరును చూపే ఆట మన పల్లెలలోనే మరొకటి ఉన్నది. అదే పులిజూదం. ఒకవైపు 3 పులులు, మరొకవైపు 15 మేకలు. గీతలు కలిసే స్థానాలు 23. పులి మేకపై నుండి దూకి చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. గుంపుగా చేరి, పులికి కదలడానికి సందు లేకుండా చేయడమొక్కటే దాని మార్గం. బలవంతుడు బలంతో గెలుస్తాడు, బలహీనుడు కూడికతో గెలుస్తాడు. కొండకోటను ఆశ్రయించిన చిన్న పాలకుడు పెద్ద దండును ఎదిరించిన కథలన్నింటిలో ఉన్న నీతి ఇదే. దేవాలయ మంటపాల బండలమీద, రచ్చకట్టల అరుగులమీద గీసి ఉండే ఆ గీతలను మనం రోజూ తొక్కుకుంటూ పోతాము. అవి ఒక యుద్ధశాస్త్రమని అనుకోము.

అనుకొన్నవారు ఒకరు ఈ ప్రాంతంలోనే పుట్టినారు. గద్వాల సంస్థానపు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1896లో జన్మించి, గోలకొండ పత్రికను నడిపి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికై, మరుసటి ఏడు కీర్తిశేషులైనారు. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానం లభించినది. రాజుల వంశావళులు వల్లించడం మాత్రమే చరిత్ర కాదనీ, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలు ఆడినారు అన్నది కూడా చరిత్రేననీ ఆ గ్రంథం నిరూపించినది. ఆటలను చరిత్రకు ఆధారంగా స్వీకరించిన ఆ దృష్టితోనే మేమూ ఈ విషయాన్ని పరిశీలిస్తున్నాము.

చదరంగం పారశీకానికి పోయి, అరబ్బుల చేతిమీదుగా ఐరోపాకు చేరిన వృత్తాంతం అందరూ ఎరిగినదే. అక్కడ అది మరొక రూపం దాల్చినది. 1780లో జర్మనీ దేశపు బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఉపాధ్యాయుడు చదరంగపు పలకను వెయ్యికి మించిన గళ్ళకు పెంచి, ఒక్కొక్క రంగు గడిని కొండగా, నీటిగా, అడవిగా నిర్ణయించి, రాజవంశీయులకు యుద్ధతంత్రం బోధించడానికి కొత్త ఆటను కల్పించినాడు. 1812లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా అధికారి గళ్ళను తొలగించి, నేల ఎత్తుపల్లాలను అచ్చుగా మలచిన బల్లను తన రాజుకు సమర్పించినాడు. అతని కుమారుడు 1824లో దానిని సైన్యానికి పనికివచ్చే విధంగా తీర్చిదిద్దినాడు. పటం మీద సేనలను కదిలించడం, దెబ్బల ఫలితాన్ని పాచికలతో తేల్చడం, ఇరుపక్షాలకూ నడుమ ఒక తీర్పరిని కూర్చోబెట్టడం ఇందులోని విశేషాలు. ఎదుటి పక్షపు సేన ఎక్కడ ఉన్నదో తీర్పరికి తెలుసు, ఆటగానికి తెలియదు. సేనాపతి అజ్ఞానంలో నిర్ణయాలు చేయవలసి వస్తుందన్న సత్యం మొదటిసారిగా ఆటలో ప్రవేశించినది. ప్రష్యా సేనాధికారులు దీనిని విద్యగా అభ్యసించినారు. 1871 నాటికి ఫ్రాన్సుపై వారు సాధించిన విజయాన్ని చూచి ఇతర దేశాల సైన్యాలు కూడా ఈ ఆటను చేపట్టినవి.

అది సైనికుల ఆట. ఇంటింటి ఆట కావడానికి బొమ్మలు చవుక కావలసి వచ్చినది. 1893లో లండనులో విలియం బ్రిటన్ సంస్థ లోపల డొల్లగా ఉండే సీసపు సిపాయిలను పోతపోయడం ప్రారంభించినది. సీసం తక్కువ పట్టేది గనుక ధర తగ్గి, బొమ్మలు సామాన్య గృహాలకు చేరినవి. 1913లో ప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్స్ ఈ బొమ్మలతో గదిలో నేలమీద ఆడే యుద్ధానికి నియమాలు ఏర్పరచి, లిటిల్ వార్స్ అనే చిన్న పుస్తకాన్ని ప్రకటించినాడు. స్ప్రింగు గల బొమ్మ ఫిరంగితో చిన్న కొయ్యముక్కలను పేల్చి ఎదుటి సిపాయిలను పడగొట్టడం అతని పద్ధతి. ఆటను వర్ణించి ఊరుకొనక వెల్స్ చివరలో ఒక హెచ్చరిక చేసినాడు. ఈ చిన్న యుద్ధాన్ని మూడు నాలుగు సారులు ఆడినవానికి పెద్ద యుద్ధం ఎంత తెలివిమాలిన పనో తెలిసివస్తుందనీ, మనుష్యుని బుద్ధికి అందనంత పెద్దదీ, భరించరానంత ఖరీదైనదీ అది అనీ అతని వాదం. ఆ పుస్తకం వెలువడిన మరుసటి సంవత్సరమే, 1914లో, ప్రపంచ సంగ్రామం రేగినది. హెచ్చరికను ఎవరూ విననట్లే.

ఆ సంగ్రామం మన గడపను కూడా తాకినది. హైదరాబాదు సంస్థానపు అశ్వదళం మైసూరు, జోధ్‌పూరు దళాలతో కలిసి సూయెజ్ కాలువ దగ్గరా, పాలస్తీనా రంగంలోనూ పోరాడినది. ఢిల్లీలో తీన్ మూర్తి అని పిలువబడే కూడలిలో నిలిచిన మూడు కంచు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవే. ఆ మువ్వురిలో ఒకడు మన హైదరాబాదు రౌతు. బొమ్మల సైన్యం కూర్చదలచిన పిల్లవాడు ముందుగా ఆ బొమ్మ కథ తెలుసుకొంటే మంచిది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఈ వేడుక మరింత విస్తరించినది. 1957లో అమెరికాలో జాక్ స్క్రూబీ దీనికై ఒక పత్రికను స్థాపించినాడు. 1962లో ఇంగ్లండులో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ వార్ గేమ్స్ అనే పుస్తకం వ్రాసి వేలమందిని ఇందులోకి దింపినాడు. సీసం స్థానంలో ప్లాస్టిక్ వచ్చినది. కాలక్రమాన చరిత్రను విడిచి, కల్పిత లోకాల రాక్షసులతో ఆడే ఆటలు పుట్టి ఎక్కువ ప్రచారం పొందినవి. వాటిని మేము నిందించము. కాని ఇంటి ముంగిట ఇంత చరిత్ర పడి ఉన్నవారు ఎక్కడనో లేని లోకాలలో యుద్ధాలు వెదకనేల?

మన ముంగిట ఏమున్నది? కృష్ణా తుంగభద్రల నడుమ గల నడిగడ్డ ఉన్నది. సోమనాద్రి అని జనం పిలుచుకొనే పెద సోమభూపాలుడు కట్టించిన గద్వాల కోట ఉన్నది. అతని పోరాటాలను పాడే కథకుల పాటలు ఉన్నవి. వనపర్తి సీమలో పానగల్లు, ఘనపురం గిరిదుర్గాలు ఉన్నవి. నాగర్‌కర్నూలు జిల్లాలో జటప్రోలు సంస్థానాధీశుల రాజధాని కొల్లాపురం ఉన్నది. వనపర్తి రాజావారి వద్ద ఆఫ్రికా జాతివారి దళం ఒకటి ఉండేదనీ, అది తరువాత నిజాం కొలువులో చేరినదనీ ప్రతీతి. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నివసించినందువలన వచ్చినదే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు జరిగిన మీదట సంస్థానాల కాలం ముగిసినది. గద్వాల కోటలో కళాశాల వెలసినది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలసినది. 2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణాలూ మూడు జిల్లాలకు కేంద్రాలైనవి. రాజుల సేనలు పోయినవి, మంచిదే. కాని ఆ సేనలు ఎట్లా ఉండేవి, ఎక్కడ నిలిచినవి, ఎందుకు గెలిచినవి, ఎందుకు ఓడినవి అన్న ఎరుక కూడా వాటితో పోవడం మంచిది కాదు.

ఆడదలచినవారు మొదటి యుద్ధంగా రాయచూరు యుద్ధాన్ని ఎన్నుకొనవలెనని మా సలహా. అది నడిగడ్డకు పొరుగున, 1520 మే 19న, కృష్ణానదికి దక్షిణాన జరిగినది. ఒకవైపు శ్రీకృష్ణదేవరాయలు, మరొకవైపు బీజాపురపు ఇస్మాయిల్ ఆదిల్‌షా. రాయలు రాయచూరు కోటను ముట్టడించి ఉండగా సుల్తాను నది దాటి వచ్చినాడు. ఈ యుద్ధానికి రెండు వృత్తాంతాలు ఉన్నవి. సుమారు 15 ఏండ్ల తరువాత విజయనగరంలో నివసించిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ కథనం ఒకటి. సుల్తాను మహాసైన్యంతో, అనేక ఫిరంగులతో సిద్ధంగా నిలిచినాడనీ, ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలగా రాయల ముందువరుస చెదరి పారిపోయినదనీ, అప్పుడు రాయలు స్వయంగా ముందుకు ఉరికి సేనను మరల్చి, తరుముకొని వచ్చే బీజాపురం వారిని నదిలోకి నెట్టినాడనీ నూనిజ్ వ్రాసినాడు. బీజాపురం కొలువులో చరిత్ర వ్రాసిన ఫెరిష్తా కథనం వేరు. సుల్తాను మద్యం మత్తులో తొందరపడి, కొద్దిమంది సేనతోనే నది దాటి, పెద్ద దండు నడుమ చిక్కుకొన్నాడని అతని మాట. నది వెనుకనుండగా ఓడి, ఎందరో నీట మునిగినారన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఏకాభిప్రాయం.

ఏది నిజం? గ్రంథం చదివి తేల్చడం కష్టం. బల్లమీద పెట్టి చూస్తే కొంత తేటపడుతుంది. నూనిజ్ చెప్పినట్లు ఒకసారి, ఫెరిష్తా చెప్పినట్లు ఒకసారి ఆడి చూడవలెను. ఫెరిష్తా చెప్పినంత కొద్దిమంది అయితే యుద్ధం నాలుగు ఎత్తులలో ముగుస్తుంది. అంత చిన్న పోరుకు అంత పెద్ద కీర్తి రావడం ఎట్లా అన్న అనుమానం దానంతట అదే పుడుతుంది. ఓడిన పక్షపు చరిత్రకారుడు ఓటమిని మద్యానికి అంటగట్టినాడేమో అన్న ఊహ కూడా పుడుతుంది. నూనిజ్ లెక్కలు మాత్రం నమ్మదగినవా? రాయల కాల్బలం ఏడు లక్షలకు మించినదని అతడు వ్రాసినాడు. మనిషికి రోజుకు అర కిలో ధాన్యం చొప్పున లెక్కిస్తే రోజుకు 3,500 క్వింటాళ్ళు కావలెను. ఎద్దుబండికి 7 క్వింటాళ్ళ చొప్పున 500 బండ్లు దినదినమూ దండుకు చేరవలెను. ముట్టడి నెలల తరబడి సాగినది. ఈ లెక్క వేసిన పిల్లవాడు ఇకపై ఏ గ్రంథంలోని ఏ సంఖ్యనూ కళ్ళు మూసుకొని నమ్మడు. చరిత్ర విద్యార్థికి ఇంతకన్నా పెద్ద లాభం ఏమున్నది?

ఇక సైన్యాన్ని సమకూర్చే విధానం. విదేశాల నుండి తెప్పించే బొమ్మలు ఖరీదైనవి. వాటి కొరకు ఆగనక్కరలేదు. బొమ్మల కొలువు తీర్చే ఇండ్లలో సగం సైన్యం ముందే ఉన్నది. కొండపల్లి వారి అంబారీ ఏనుగు ఒక్కటి దొరికితే రాయల వాహనం సిద్ధమైనట్లే. కొండపల్లి, నిర్మల, చేర్యాల పనివారు మెత్తని పొనికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అవయవాలు అతికి, సుద్ద పూసి రంగులు వేస్తారు. ఆ ముద్దనే ఇంటిలో తయారుచేసుకొని, లేదా చెరువు బంకమట్టితోనే, చిటికెనవ్రేలి పొడుగు సిపాయిలను పిల్లలు తామే చేసుకొనవచ్చును. నియమం ఒకటే: అన్నీ ఒకే కొలతలో ఉండవలెను. గుర్రం కన్న రౌతు పెద్దగా ఉంటే బల్లమీద లోకం చెడుతుంది. ప్రతి బొమ్మనూ ఒక అట్టముక్కపై అతికిస్తే కదిలించేటప్పుడు చేయి బొమ్మకు తగలక రంగు చెడదు. ఒక్కసారిగా వందలు చేయబోయి విసిగిపోవడం కంటే పక్షానికి 12 బొమ్మలతో మొదలుపెట్టి, పండుగ పండుగకు నాలుగైదు పెంచుకొంటూ పోవడం మేలు. అటకమీద పాతకాలపు సీసపు సిపాయిలు దొరికిన ఇండ్లవారు వాటిని చూడడానికే ఉంచుకొనవలెను. సీసం విషపదార్థం గనుక పసిపిల్లల చేతికి ఇవ్వరాదు, ఆకురాయితో రాయరాదు.

రంగులు వేయడంలో తొందర పనికిరాదు. బొమ్మ పూర్తిగా ఆరిన తరువాత తెల్లని సుద్దపూత ఒకటి వేయవలెను. ఆపైన రంగును పలుచని మజ్జిగ వలె కలిపి, రెండు మూడు పూతలుగా వేయవలెను. చిక్కని పూత ముక్కును, కన్నును కప్పివేస్తుంది. బట్ట మడతల లోతులలో అదే రంగు కాస్త నల్లగా, ఉబ్బిన చోట కాస్త తెల్లగా చేస్తే అంగుళం బొమ్మకు ప్రాణం వస్తుంది. గద్వాల చీర నేసే ఇండ్లవారికి ఈ రహస్యం మేము చెప్పనక్కరలేదు: నూలు ఒడలికి పట్టు అంచు ఎట్లా శోభ తెస్తుందో, సిపాయి అంగరఖాకు సన్నని అంచు గీత అట్లాగే శోభ తెస్తుంది. ఏ రంగు వేయవలెనో ఊహతో గాక చూచి నిర్ణయించవలెను. హంపీలో హజారరామాలయం ప్రాకారపు గోడమీద ఏనుగులు, గుర్రాలు, కాల్బలం వరుసలు తీరి చెక్కబడి ఉన్నవి. విజయనగరపు మహానవమిని చూచిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఏనుగుల తలలమీద రాక్షస ముఖాలు, మృగ ముఖాలు చిత్రించేవారని వ్రాసినాడు. కొండపల్లి ఏనుగు నుదుట ఆ ముఖం గీయడానికి పిల్లలకు ఇంతకంటె ప్రోత్సాహం ఏమి కావలెను?

రణరంగానికి నాలుగడుగుల బల్ల చాలును. ఒక అంచున నీలిబట్ట పరిస్తే అది కృష్ణ. కంబళి కింద పుస్తకాలు పెడితే గుట్టలు. తొమ్మిది అంగుళాల పుల్ల ఒకటి కోసుకొంటే అది జానెడు కొలత. కాల్బలం, ఏనుగు ఎత్తుకు ఒక జానెడు, గుర్రం రెండు జానెలు నడుస్తవి. ఫిరంగి కదలదు, దాని దెబ్బ నాలుగు జానెల దూరం పోతుంది. దెబ్బ తగిలినదీ లేనిదీ అష్టాచెమ్మా ఆడే నాలుగు గవ్వలే చెపుతవి. మూడు గాని, నాలుగు గాని వెల్లకిల పడితే ఎదుట ఒక బొమ్మ పడినట్లు. గవ్వకు రెండు వైపులూ సమానమనుకొంటే ఇది 16 సారులలో 5 సారులు జరిగే సంగతి. చేతికి చేయి కలిసి పోరేటప్పుడు కూడా ఇదే లెక్క. ఒక వరుసలో మూడవవంతు బొమ్మలు పడిపోయినప్పుడు ఆ వరుస పక్షాన గవ్వలు వేయవలెను. ఒకటి గాని, ఏదీ లేకుండా గాని పడితే ఆ వరుస భయపడి రెండు జానెలు వెనుకకు పారిపోతుంది. రాజు బొమ్మ జానెడు దూరంలో ఉంటే మాత్రం పారిపోదు. ఇంటిలోని తాతగారో, అమ్మమ్మగారో తీర్పరిగా కూర్చుంటే తగవులు ఉండవు.

ఒక నియమాన్ని ప్రత్యేకంగా చెప్పవలెను. పేలిన ఫిరంగి మళ్ళీ మందు కూరుకొనడానికి రెండు ఎత్తులు మౌనంగా ఉండవలెను. ఈ నియమం పెట్టి, బీజాపురం పక్షం ఆడే పిల్లవానిని ఏమీ చెప్పకుండా వదలిపెట్టండి. మొదటి ఆటలో అతడు ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలుస్తాడు. రాయల ముందువరుస చెదురుతుంది. అతడు ఆనందంతో కేకవేసి గుర్రాలను తరుముతాడు. అప్పుడు రాయల రెండవ వరుస కదులుతుంది, రాజు బొమ్మ ముందుకు వస్తుంది, ఫిరంగులు మౌనంగా ఉంటవి, వెనుక నది ఉంటుంది. రెండవ ఆటలో ఆ పిల్లవాడే సగం ఫిరంగులు పేల్చి సగం దాచుకొంటాడు. నాలుగు వందల పుటల చరిత్ర చెప్పలేని పాఠం రెండు ఆటలలో తలకెక్కుతుంది. వరుస చెదరినప్పుడు రాజు వెనుకకు పోయినాడా, ముందుకు వచ్చినాడా అన్న ఒక్క విషయం మీద ఒక రాజ్యపు కీర్తి ఎట్లా నిలిచినదో కూడా అర్థమవుతుంది.

ఇక మొదట వేసుకొన్న ప్రశ్న. చావును ఆటవస్తువు చేయవచ్చునా? కూడదనే పెద్దల మాటలో సత్యం ఉన్నది. పడిన బొమ్మను తీసి పెట్టెలో పెట్టి, మరునాడు మళ్ళీ నిలబెట్టే సదుపాయం యుద్ధాన్ని సులభంగా చూపిస్తుంది. దానికి విరుగుడు కూడా మన ఊళ్ళలోనే ఉన్నది. పాలమూరు సీమలో ఊరి పొలిమేరల, గుడి ముంగిళ్ళ, చెరువు కట్టలమీద వీరగల్లులు నిలిచి ఉన్నవి. కత్తి ఎత్తిన చేయి, కొన్నింట డాలు, కొన్నింట గుర్రం, పైన సూర్యచంద్రులు. ఊరి పశువులను తోలుకుపోయే దొంగలతో పోరాడి చచ్చినవారు, సరిహద్దు తగాదాలలో చచ్చినవారు, ఏలిక కొరకు చచ్చినవారు వారు. చాలమంది పేర్లు కూడా చెరిగిపోయినవి. ఆ రాతిబొమ్మ ఒక్కొక్కటీ ఒక్కొక్క మనిషి. దానిని మళ్ళీ నిలబెట్టి ఆడడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి మేము కోరేది ఇది. బొమ్మల సైన్యాన్ని సేకరించే ఇల్లు తన ఊరి వీరగల్లును కూడా ఒకసారి వెదకి చూడవలెను. దాని కట్టు, దాని ఆయుధం, దాని జుట్టుముడి గమనించి వచ్చి, సైన్యంలో ఒక్క సిపాయికైనా అదే రూపు ఇవ్వవలెను. ఆట ముగిసిన తరువాత పడిపోయిన బొమ్మలను లెక్కించి, ఒక్కొక్క బొమ్మ ఎందరికి గుర్తో హెచ్చవేసి, ఆ సంఖ్యను పిల్లలచేత పైకి చదివించవలెను. ఒక బొమ్మ 500 మందికి గుర్తయితే, 10 బొమ్మలు పడిన యుద్ధంలో 5,000 ఇండ్లలో దీపం ఆరినదన్న మాట. గెలిచినవాడు చదివినా, ఓడినవాడు చదివినా ఆ సంఖ్య మారదు. వెల్స్ 1913లో చెప్పదలచినది ఇదే. అంతకు పదమూడు శతాబ్దాల ముందు బాణుడు చమత్కరించినదీ ఇదే. చతురంగాలు ఉండవలసిన చోటు పలకమీదనే. అవి అక్కడ ఉన్నంతకాలం రాజ్యం సుభిక్షమని నమ్మవచ్చును. రాబోయే పండుగకు మన కొలువులలో అమ్మవారి ముందరి మెట్టుమీద, పెండ్లిబొమ్మల సరసన, చేతితో చేసి చేతితో రంగులు వేసిన పన్నెండుగురు సిపాయిలు నిలుచుంటే, వచ్చిన పేరంటాండ్రు వారెవరని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఇంటి పిల్లలు చెప్పే సమాధానమే ఆ ఊరి చరిత్ర.